బాగైందని చెప్పిన చెయ్యి

బొమ్మనహళ్ళి, బెంగళూరు
జూన్ 9

స్టెల్లా అక్కకు ఎడమ చేత్తో వందనాలు.

అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని నవ్వుకో, ఫరవాలేదు. కానీ చివరిదాకా చదువు. ఈ ఒక్క పేజీకి పొద్దుటి నుంచి నాలుగు కాగితాలు చింపాను.

ఈఎస్ఐ ఆసుపత్రిలో చేతికి వ్యాయామం చేయించే మేడమ్ రోజూ ఎడమ చేత్తో ఒక పేజీ రాయమంది. ఏం రాయాలి మేడమ్ అంటే, ఎవరికైనా ఉత్తరం రాయి అంది. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని నవ్వాను గానీ, ఇంటికొచ్చాక అదే మేలనిపించింది. ఫోనులో నీతో ఏం మాట్లాడినా అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. ఉన్నది ఒక్క గది, ఎక్కడికని పోను? మెట్ల మీదికెళ్ళి మాట్లాడితే "అక్కాతమ్ముళ్ళకి నాకు తెలీని రహస్యాలేందిరా" అని రెండు పూటలు అలుగుతుంది. అందుకే నువ్వు కూడా జవాబు ఇంటికి రాయొద్దు. కింద పిల్లప్ప అంగడి చిరునామాకు రాయి. ఆయన నమ్మకస్తుడు, కాస్త నోరెక్కువ, అంతే.

ఇన్నాళ్ళూ దెబ్బ ఎలా తగిలిందని నువ్వడిగితే ఏదో చెప్పి దాటేశాను. జనవరిలో ఒక పెద్ద ఆర్డరు నడుస్తోంది. చొక్కాల గుడ్డ పొరలు పొరలుగా పేర్చి బ్యాండ్ నైఫ్ మిషను మీద కాలరు ముక్కలు కోస్తున్నాను. గుడ్డను ఒత్తిపట్టే ఎడమ చేతికి ఇనప అల్లిక గ్లవ్ ఉంటుంది, కుడి చేతికి ఉండదు. పొరలు జారాయి, కుడి చేత్తో సర్దబోయాను. అరచెయ్యి మణికట్టు దగ్గర తెగింది. నొప్పి తర్వాత వచ్చింది. ముందు నాకు కనబడింది తెల్లగుడ్డ పాడైపోవడం. అయ్యో, ఇంత గుడ్డా పోయిందే అనుకున్నాను చూడు, అదీ నా బుద్ధి.

ఇప్పుడు అసలు సంగతి. ఈఎస్ఐ ఆఫీసులో నేత్రావతి అని ఒకావిడ ఉంది. పనిలో దెబ్బతిని పాత పని చేయలేనివాళ్ళకు కొత్త పని నేర్పించే పథకం ఉందట. శిక్షణ జరిగినన్నాళ్ళూ భత్యం ఇస్తారు. దానికి ముందు డాక్టర్ల బోర్డు చెయ్యి చూసి, నష్టం శాశ్వతమని, ఇంత శాతమని రాయాలి. తక్కువ రాస్తే లేదు. శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ మీద మార్కర్ వేయడం నేర్పుతారట. చొక్కాకు కావలసిన ముక్కలన్నీ గుడ్డ మీద ఎక్కడ ఏది పెడితే తక్కువ వృథా అవుతుందో గీయడమే మార్కర్. పదేళ్ళు ఆ గీతల మీదే కత్తి నడిపాను. ఇప్పుడు గీయడం నేర్చుకుంటే చెయ్యి లేకపోయినా ఆ గుడ్డల మధ్యే బతకొచ్చు. అక్కా, నాకు ఆ సీటు కావాలి. ఇంతగా నేను దేన్నీ కోరుకోలేదు.

ఇంట్లో కూర్చోలేకపోతున్నాను. నిన్న ఊరికే ఆనేకల్ బస్సెక్కి, అక్కడ దిగి, ఒక టీ తాగి, మళ్ళీ అదే బస్సులో వచ్చాను. కండక్టరు నన్ను అదోలా చూశాడు.

నీ తమ్ముడు
దానియేలు


నర్సుల క్వార్టర్స్, నెల్లూరు
జూన్ 20

ఒరేయ్ దానీ,

నీ అక్షరాలు చూసి నవ్వలేదు. మా డాక్టర్ల కంటే నయంగానే రాస్తున్నావు.

శిక్షణ సంగతి చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ నేత్రావతి గారిని వదలొద్దు. ఆమె ఏ కాగితం తెమ్మంటే అది పట్టుకుని వెళ్ళు, మళ్ళీ రమ్మంటే విసుక్కోకుండా మళ్ళీ వెళ్ళు. ఎలాగూ ఊరికే బస్సులెక్కి తిరుగుతున్నావు కదా.

పేజీ నిండా అన్నీ రాశావు గానీ ఒక్కటి రాయలేదు. మీ చర్చి సంఘం వీడియో నా ఫోనుకు వచ్చింది. నాకే కాదు, మా వార్డులో పనిచేసే బేబీ సిస్టర్ ఫోనుకు కూడా వచ్చింది. "స్టెల్లమ్మా, మీ తమ్ముడికి చెయ్యి బాగైపోయిందంటగా, స్తోత్రం" అని ఆమె నన్ను కౌగిలించుకుంది. మైకు పట్టుకుని, బైబిలు పైకెత్తి, దేవుడు నా చెయ్యి బాగుచేశాడని సాక్ష్యం చెబుతున్నది నువ్వేనా?

నీ రిపోర్టు నేను ఫిబ్రవరిలో వచ్చినప్పుడే చదివాను. వేళ్ళను లాగే టెండన్లు అతికించారు కాబట్టి అవి ముడుచుకుంటాయి. అది డాక్టరు ముందే చెప్పిన సంగతి. నరం సంగతి వేరు, తెగిన నరానికి స్పర్శ మళ్ళీ రాదనే అందులో ఉంది. ఒక చిన్న పరీక్ష చెబుతాను. కళ్ళు మూసుకుని ఎవరినైనా నీ కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకోమను. ఏ వేలు పట్టుకున్నారో చెప్పు. చెప్పగలిగితే నేనూ స్తోత్రం అంటాను.

వీడియోలో నీ పక్కనే అమ్మ కూడా స్తోత్రం అంటోంది. అమ్మ ఎందుకింత తొందరపడిందో నాకు అర్థం కావడం లేదు.

జవాబు త్వరగా రాయి. పిల్లప్పగారికి నమస్కారాలు చెప్పు.

అక్క
స్టెల్లా


బొమ్మనహళ్ళి
జూలై 4

అక్కా,

నీ ఉత్తరం అందిస్తూ పిల్లప్ప అంగడి ముందున్న అందరూ వినేలా అన్నాడు, "ఏమప్పా దానియేలు, స్టెల్లా అని ఎవురో అమ్మాయి రాస్తా ఉండాది నీకు. పెండ్లి ఎప్పుడప్పా?" అక్క అని చెప్పినా నమ్మలేదు. "అందురూ మొదట్లో అట్లే చెప్తారులే" అన్నాడు.

సరే, నీ మాటకు వస్తాను. అవును, చెప్పాను. చెప్పలేదని నీతో ఎప్పుడైనా అన్నానా? రాయలేదు, అంతే.

ఉపవాస కూడికల చివరి రోజు. పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని ప్రార్థిస్తున్నారు. అంతకు ముందు వారం నుంచే వేళ్ళు కొద్దికొద్దిగా కదులుతున్నాయి. ఆ రోజు చుట్టూ అందరూ ఏడుస్తూ ప్రార్థన చేస్తుంటే నాలుగు వేళ్ళూ ఒక్కసారిగా ముడుచుకుని అరచేతికి తగిలాయి. తగిలినట్టు నాకు కనబడింది. అమ్మ కూడా చూసింది. ఆమె వేసిన కేకకు హాలంతా మావైపు తిరిగింది. ఆ వెంటనే మైకు నా నోటి దగ్గరుంది.

నాన్న పోయాక అమ్మ మొహం అంతలా వెలగడం నేను చూడలేదక్కా. బడిలో ఆయా పని చేసొచ్చి, ఆ కాళ్ళతోనే మోకాళ్ళూని ఎన్ని సాయంత్రాలు ప్రార్థించిందో నాకు తెలుసు. ఆమె ముందు, అంతమంది ముందు, "కొంచెం కదులుతున్నాయి, మిగతాది డాక్టర్లనడగాలి" అని ఎలా అనను? దేవుడు బాగుచేశాడన్నాను. ఎవరో బైబిలు అందించారు, కుడి చేత్తో ఎత్తి చూపించాను. కింద ఎడమ చెయ్యి ఆనించిన సంగతి వీడియోలో కనబడదు.

నువ్వు చెప్పిన పరీక్ష చేయలేదు. నా మీద పరీక్షలు చేయడానికి డాక్టర్లున్నారు.

ఇంకో మాట. వీడియో మా ఫ్యాక్టరీలో కూడా అందరి ఫోన్లకూ తిరిగింది. కటింగ్ ఇన్‌చార్జి చంద్రశేఖర్ ఫోను చేశాడు. "ఏమప్పా, చెయ్యి బాగైపోయిందంట కదా, చూసినా. ఇంట్లో కూసోని ఏం చేస్తావు, వచ్చేయ్. తేలిక పనే ఇస్తాలే" అన్నాడు. అమ్మ పక్కనే ఉంది, స్పీకర్ నడుస్తోంది. నాకంటే ముందు ఆమే "వస్తాడయ్యా" అంది.

సోమవారం నుంచి వెళ్తున్నాను. ఇలా గోడలు చూస్తూ ఎన్నాళ్ళని కూర్చోను? నాకు పిచ్చెక్కిపోతోంది.

దానియేలు


నెల్లూరు
జూలై 11

దానీ,

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, పొడవుగా తిట్టడానికి టైము లేదు.

ఎవరు నిన్ను వెళ్ళమన్నది? పాత పనిలో మళ్ళీ చేరితే, పని చేసుకోగలుగుతున్నాడు కదా, కొత్త పని నేర్పించడం దేనికని అడగరా? ఒక్కసారైనా నేత్రావతి గారిని అడిగావా? ఆ సీటు కావాలని జూన్‌లో అంతలా రాసినవాడివి, జూలైలో నీ చేతులతోనే దాన్ని ఎవరికో ఇచ్చేస్తున్నావు.

సీటు పోతే పోయింది. స్పర్శ లేని చేత్తో మిషన్ల మధ్యకు వెళ్తావా? ఆ చేతికి కాలేది తెలీదు, తెగేది తెలీదు. నీకు బుద్ధుందా అసలు?

ఈ ఉత్తరం అందిన రోజే మానెయ్. అమ్మకు చెప్పలేకపోతే జ్వరమని చెప్పు. నాకు వెంటనే రాయి.

స్టెల్లా


బొమ్మనహళ్ళి
ఆగస్టు 2

అక్కా,

నీ ఉత్తరం అందేసరికి జరగాల్సింది జరిగిపోయింది. కంగారుపడకు, వేళ్ళన్నీ ఉన్నాయి.

చంద్రశేఖర్ మాట తప్పలేదు, తేలిక పనే ఇచ్చాడు. కాలరు గుడ్డకు గట్టి లైనింగు అతికించే వేడి మిషను దగ్గర నిలబెట్టాడు. ముక్కలు ఒకవైపు పెడుతుంటే రెండోవైపు అతుక్కుని వస్తాయి. మొదటి రోజు హుషారుగానే ఉంది. అందరూ వచ్చి చెయ్యి చూసి వెళ్ళారు, కొందరు ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. రెండో రోజు మధ్యాహ్నం ఎదురుగా ఉన్న అమ్మాయి "అన్నా, చెయ్యి! చెయ్యి!" అని అరిచింది. ఏమైందా అని ఆమె వైపే చూస్తున్నాను. నా కుడి చెయ్యి మిషను రేకుకు ఆనుకుని ఉంది. ముందు వాసన వచ్చింది, తర్వాత చూశాను. చిటికెన వేలు, దాని పక్క వేలు బొబ్బలెక్కాయి. నాకు ఏమీ తెలియలేదక్కా. కాలుతున్న చెయ్యి ఇంకెవరిదో అన్నట్టు నిలబడ్డాను.

చంద్రశేఖర్ పరిగెత్తుకొచ్చాడు. తనే బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. "నాకేం తెలుసప్పా, నువ్వే కదా బాగైందని చెప్పినావు" అన్నాడు దారంతా. అందులో తప్పేముంది? నేనే చెప్పాను.

నీకు ఇంకో నిజం చెప్పాలి. నువ్వు చెప్పిన పరీక్ష చేయలేదని రాశాను. చేశాను. అంగడి మూసే వేళ పిల్లప్పను పట్టుకోమన్నాను. కళ్ళు మూసుకుని చూపుడు వేలు అన్నాను, కాదన్నాడు. ఉంగరం వేలు అన్నాను, కాదన్నాడు. కళ్ళు తెరిస్తే అసలు ఏ వేలూ పట్టుకోలేదు, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "అప్పా, ఇది శానా కష్టముండాది" అని నా భుజం తట్టి పంపించాడు. అది తెలిసి కూడా సోమవారం పనికి వెళ్ళాను.

బొబ్బల కట్టుతోనే నేత్రావతి గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది. రెండు రోజులే కాబట్టి, మళ్ళీ గాయమైంది కాబట్టి సర్దొచ్చట. బోర్డు సెప్టెంబరులో, శిక్షణ బ్యాచి అక్టోబరులో. తప్పితే మళ్ళీ ఎప్పుడో ఆమెకే తెలియదు. "చూడు దానియేలు, డాక్టర్ల ముందర నిలబడి నాకేమీ కాలేదు అన్నావంటే నేనేమీ చేసేకి కాదు. ఉండేది ఉండేట్టు చెప్పు" అంది.

అదే నాకు చేతకావడం లేదు. బొబ్బలు చూసి అమ్మ ఏడ్చింది, నూనె రాసింది, ఆ తర్వాత "విశ్వాసం తగ్గినప్పుడు సాతాను ఇట్టాంటి పరీక్షలు పెడతాడు" అంది. బోర్డుకు తనూ వస్తుందట. దేవుడు ఏం చేశాడో ఆ డాక్టర్లకు కూడా చెబుతుందట. నేను లోపల నిజం చెబితే బయట బెంచీ మీద అమ్మ అబద్ధాలకోరు అవుతుంది. ఆమెనే కాదు, దేవుణ్ణి కూడా అబద్ధికుణ్ణి చేసినట్టే కదా? పడుకుంటే ఇదే, లేస్తే ఇదే. నిన్న సిల్క్ బోర్డు కూడలి దాకా నడిచి వెళ్ళి నడిచి వచ్చాను.

దానియేలు


నెల్లూరు
ఆగస్టు 10

నాన్నా దానీ,

ఈసారి తిట్టను. నీ ఉత్తరం పట్టుకుని క్వార్టర్స్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, ఇప్పుడే మొహం కడుక్కుని వచ్చాను.

బొబ్బలు పచ్చిగా ఉన్నంతవరకు నీళ్ళు తగలనివ్వకు. నూనెలు గీనెలు వద్దు, అక్కడ ఇచ్చిన మందే రాయి. రోజూ పొద్దున, పడుకునే ముందు ఆ చెయ్యంతా కళ్ళతో చూసుకో. స్పర్శ లేని చేతికి కళ్ళే కాపలా.

ఇక అసలు మాట. దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేస్తానేమోనని భయపడుతున్నావు. దేవుడి పరువు కాపాడే ఉద్యోగం నీకెవరిచ్చార్రా? ఆయన సంగతి ఆయన చూసుకోగలడు. నేను మిషన్ ఆసుపత్రిలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ప్రార్థన చేసి బతికినవాళ్ళను చూశాను, ప్రార్థన చేస్తూనే పోయినవాళ్ళనూ చూశాను. ఎవరి విశ్వాసం ఎంతో కొలిచి చెప్పే మిషను మా దగ్గర లేదు. నీది విశ్వాసం కాదు, మొహమాటం. చిన్నప్పుడూ ఇంతే. ఎవరింట్లోనో కూర వెగటుగా ఉన్నా బాగుందని రెండోసారి వేయించుకుని, ఇంటికొచ్చి కక్కుకునేవాడివి.

బోర్డు ముందు వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పు. చెయ్యి ఏం చేయగలదో, ఏం చేయలేదో, అంతే. అమ్మతో ముందే మాట్లాడు. ఉన్నది చెబితే ఆమెకు కష్టంగానే ఉంటుంది, తట్టుకుంటుంది. మనుషులతో నిజం చెప్పడం కష్టమేమో గానీ, చెప్పకపోతే దాని బరువు ఎవరి మీద పడుతుందో నీ వేళ్ళు చూస్తే తెలియడం లేదా?

నేను రావాలనే ఉంది. ఇద్దరు నర్సులు సెలవులో ఉన్నారు, వదలడం లేదు. ఫోనులో అమ్మకు నేను చెప్పేకంటే ఎదురుగా ఉన్నవాడివి నువ్వు చెబితేనే బాగుంటుంది.

ధైర్యంగా వెళ్ళిరా.

అక్క


బొమ్మనహళ్ళి
సెప్టెంబరు 19

అక్కా,

నిన్న బోర్డు అయింది. నెమ్మదిగా రాద్దామనుకున్నాను గానీ చెయ్యి ఆగడం లేదు. ఎడమ చెయ్యి కూడా నా మాట వినడం మానేసింది.

అమ్మతో ముందే మాట్లాడమన్నావు. మాట్లాడలేదు. రోజూ రేపు అనుకున్నాను. నిన్న పొద్దున అమ్మ సంచిలో బైబిలు పెట్టుకుని, ఆదివారం చీర కట్టుకుని బయల్దేరింది. బస్సులో పక్కన కూర్చున్నావిడకు కూడా నా చెయ్యి చూపించబోతే వెనక్కి లాక్కున్నాను.

పేరు పిలిచారు. తోడు వచ్చినవాళ్ళు బయట ఉండాలని చెప్పేలోపే అమ్మ నాతో పాటు లోపలికి వచ్చేసింది. ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్న పెద్ద డాక్టరమ్మ కాగితాలు తిప్పుతూ "కై హేగిదె?" అని అడిగింది, చెయ్యి ఎలా ఉందని. ఆ ఒక్క ప్రశ్న కోసం ఎన్ని రాత్రులు జవాబు తయారుచేసుకున్నానో. అమ్మ వైపు చూశాను. పెదాలు కదులుతున్నాయి, లోపల ప్రార్థిస్తోంది. "బాగానే ఉంది మేడమ్" అన్నాను. వేళ్ళు ముడవమంది, ముడిచాను. "పనులు నీవే చేసుకుంటావా?" అంది. "అన్నీ చేసుకుంటాను మేడమ్" అన్నాను.

ఆవిడ పెన్ను తీసింది. ఆ పెన్ను మూత ఊడుతుంటే నా సీటు వెళ్ళిపోవడం కళ్ళారా చూస్తున్నాను.

"అబద్ధం డాక్టరమ్మా" అంది అమ్మ.

అందరం తిరిగాం. అమ్మ సంచి నేల మీద పెట్టి నా పక్కకు వచ్చింది. తెలుగు, కన్నడం కలిపి మాట్లాడింది. "ఈడు చెప్పేది నమ్మబాకండి. ఈడి చొక్కా గుండీలు నేను పెడతన్నా. అన్నం నేను కలిపి ముద్దలు చేసి పళ్ళెంలో పెడితే ఎడం చేత్తో తింటన్నాడు. టీ గ్లాసు ముందు నేను పట్టుకు చూసి, కాలకపోతేనే ఇస్తన్నా. పడుకున్నాక ఆ చెయ్యి ఒంటి కింద పడి నలిగితే ఈడికి తెలవదు, నేనే లేచి తీస్తన్నా. ముప్పై రెండేళ్ళ మగోడు, సిగ్గుపడి చెప్పటంలా. రాసుకోండి."

ఇవేవీ నీకు నేను రాయలేదు కదా. రాయడానికి సిగ్గేసింది. నాకు సాయం చేసినట్టు అమ్మ ఎప్పుడూ మాటల్లో అనలేదు. ఉదయాన్నే గుండీలు పెడుతూ కూడా "దేవుడు బాగుచేశాడు" అనే అనేది. నేను కూడా తల ఊపేవాణ్ణి. ఇద్దరం ఒకరి కోసం ఒకరం అలా నెట్టుకొచ్చామన్నమాట.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి లేచి వచ్చింది. నా కళ్ళు మూయించి సూదితో ఒక్కో వేలూ చూసింది. బల్ల మీద నాణెం పెట్టి తీయమంది. మూడుసార్లు జారిపోయింది. బయటికొచ్చాక నేత్రావతి గారు లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చింది. శాతం సరిపోయింది. అక్టోబరు బ్యాచిలో నా పేరు ఉంది. కంప్యూటర్ కోర్సే.

సంతోషంతో గంతులేయాలి కదా. బస్సులో కూర్చుని ఏడ్చాను. అమ్మ ఇటు తిరిగి, బస్సులో అందరి ముందూ నా వీపు మీద ఒక్కటిచ్చింది. "డాక్టర్ల ముందు అబద్ధాలాడటం ఎవురు నేర్పార్రా నీకు?" అంది. నువ్వు బాధపడతావని అన్నాను. ఇంకొకటిచ్చింది.

ఇంటికొచ్చాక ఉత్తరాల సంగతి కూడా చెప్పేశాను. అన్నీ ఇమ్మంది. కళ్ళజోడు పెట్టుకుని నీ ఉత్తరాలన్నీ చదివింది. తనూ నీకు రాస్తుందట. ఆదివారం అయ్యాక రాస్తానంది.

నీ తమ్ముడు
దానియేలు


బొమ్మనహళ్ళి
సెప్టెంబరు 22

నా కూతురు స్టెల్లాకు అమ్మ రాయునది.

ఇంటికే జవాబు రాయి. పిల్లప్ప అంగడికి వద్దు. ఆయన నీకూ వీడికీ పెళ్ళని వీధంతా చెప్పాడు, ఇప్పుడు నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పుకోవలసి వచ్చింది.

నిన్న ఆరాధనలో సాక్ష్యాల సమయానికి లేచాను. శనివారమే పాస్టరుగారికి చెప్పాను. ఆయన, ఇంటి దగ్గర ప్రార్థన పెట్టుకుందాం, సంఘంలో ఎందుకమ్మా అన్నాడు. సంఘంలో అరిచినదాన్ని సంఘంలోనే చెప్పాలయ్యా అన్నాను. మంచివాడు, కాదనలేదు. మైకు తనే తెచ్చి ఇచ్చాడు.

నా కొడుకు చెయ్యి బాగవలేదు అన్నాను. వేళ్ళు ముడుచుకుంటే బాగైందని నేనే ముందు కేక వేశాను, వాడు నా కోసం అవునన్నాడు, ఆ మాట నమ్మి పనికి పోయి కాల్చుకున్నాడు అన్నాను. కూర్చుందామనిపించింది గానీ ఇంకో మాట మిగిలింది. ఇకనుంచి వాడి చెయ్యి కోసం ప్రార్థన చేయవద్దు, వాడు కొత్త పని నేర్చుకోబోతున్నాడు, అది బాగా రావాలని చేయండి అన్నాను. వెనక నుంచి ఎవరో ఆమేన్ అన్నారు. తర్వాత చాలామంది అన్నారు. కొందరు అనలేదు. వాళ్ళు నా వైపు చూడకుండా బయటికి వెళ్ళారు. వెళ్ళనీ. పాత వీడియో తీసేస్తామని పాస్టరుగారు చెప్పాడు.

దానియేలు ఇవాళ శిక్షణ చోటు చూసివస్తానని పోయాడు. ఇంకా మొదలే కాలేదు, అయినా పోయాడు. వాడికి కాలు నిలవదు. చిన్నప్పటినుంచీ అంతే.

ఇక నీ సంగతి. నీ ఉత్తరాలన్నీ చదివాను. తమ్ముడికి మంచి మాటలు రాశావు. అమ్మ ఎందుకు తొందరపడిందో అర్థం కావడం లేదని కూడా రాశావు. ఫిబ్రవరిలో నిన్ను బస్సెక్కిస్తూ అడిగాను కదే. వీడి చెయ్యి మళ్ళీ మామూలుగా వస్తుందా అని, నీ రెండు చేతులూ పట్టుకుని అడిగాను. నువ్వు నా మొహం చూడకుండా, ప్రార్థన చెయ్యమ్మా అన్నావు. నర్సువి, రిపోర్టు చదివినదానివి, నువ్వే ఆ మాటంటే వస్తుందనే అనుకున్నాను. ఆ మాట పట్టుకునే ఇన్ని నెలలు మోకాళ్ళ మీద ఉన్నాను. రాదని నీకు ఆ రోజే తెలుసని నీ ఉత్తరంలో ఇప్పుడు చదివాను.

కోపం లేదు. నా ఏడుపు చూడలేక అన్నావని తెలుసు. మీ ఇద్దరికీ ఒకటే జబ్బు, అది నా దగ్గర్నుంచే వచ్చి ఉంటుంది. కానీ ఇకమీదట నేనేదైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. ప్రార్థన సంగతి నేను చూసుకుంటాను.

మీ అమ్మ
కృపమ్మ